తాబేళ్ళకీ హిల్లా పండ్లకీ ఒకటే ముహూర్తం

మా మంచుదేశపు పల్లె హౌకిలంపిలో ఎవర్నైనా ఏ సంగతైనా అడగొచ్చు. జీతమెంతో అడగొచ్చు, మొదటి పెళ్ళాం ఎందుకు వెళ్ళిపోయిందో అడగొచ్చు, మూలశంక తగ్గిందా అని నలుగురి మధ్యన అడిగినా ఎవరూ ఏమీ అనుకోరు. హిల్లా పండ్లు ఎక్కడ ఏరుతున్నావని మాత్రం అడగకూడదు. అడిగినవాడి గడప మళ్ళీ తొక్కరు. జూలై ఆఖర్న చిత్తడి నేలల మీద బంగారు రంగు తిరిగే ఆ పండు కోసం మావాళ్ళు కన్నతల్లికైనా అబద్ధం చెబుతారు. ఆ తల్లి మాత్రం తక్కువ తిందా? తన చిత్తడి ఎక్కడుందో కొడుక్కి చెప్పకుండానే కన్ను మూస్తుంది.

ఇదంతా తెలిసి కూడా హెల్వి, ఫిబ్రవరిలో ఒక మంగళవారం మధ్యాహ్నం పక్షుల సంఘం సమావేశంలో లేచి నిలబడి, "జూలై ఇరవై ఎనిమిదిన బయల్దేరదాం, ఆగస్టు పదికి తిరిగొద్దాం" అంది.

గ్రంథాలయం వెనక గదిలో కాఫీ కప్పులు నోటిదాకా వెళ్ళి ఆగిపోయాయి.

కోస్తారికా వెళ్ళాలన్నది కిందటి శరదృతువులోనే తీర్మానమైపోయింది. సంఘంలో ఉన్నది ఐదుగురు, ఐదుగురికీ ఐదు కారణాలు. అధ్యక్షుడు ఓయివా అడవుల శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి, అతనికి తేనెపిట్టలు కావాలి. మందుల కొట్టు రౌహాకి కప్పలు కావాలి, అవీ విషం కప్పలే కావాలి. పడవలు బాగుచేసే కౌకో ఒకసారి టీవీలో కొమ్మకి తలకిందులుగా వేళ్ళాడే బద్ధకపు జంతువుని చూశాడు. పని మీద తన అభిప్రాయమే దానికీ ఉందని తెలిసి, దాన్ని స్వయంగా కలవాలని పట్టుబట్టాడు. హెల్వి మొగుడు తైస్తోకి ఏమీ అక్కర్లేదు. అతను సమావేశాలకి వచ్చేది యాలకుల బన్ను కోసం.

హెల్వికి కావలసింది తాబేలు. సముద్రంలో ముప్పై ఏళ్ళు తిరిగి తిరిగి, తను పుట్టిన ఇసకకే వచ్చి గుడ్లు పెట్టే పెద్ద తాబేలు. ముప్పై ఎనిమిదేళ్ళు పోస్టు వ్యాను నడిపి, ఒకే దారిలో వెళ్ళి ఒకే దారిలో వచ్చిన హెల్వికి ఆ జంతువు మీద మొదట్నుంచీ గౌరవం. అది కూడా చిరునామా తప్పదు.

వచ్చే ఏడు చూద్దాం అనుకోవడానికి ఆవిడకి వీల్లేదు. జనవరిలో కయానీ పట్నం వెళ్ళి కళ్ళ డాక్టరుకి చూపించుకుంది. రెండు కళ్ళకీ చూపు మధ్యలో మచ్చ పడుతోందని, పక్కచూపు ఉంటుంది గాని నడిమి చూపు మెల్లగా పోతుందని చెప్పాడా డాక్టరు. "ఈ వేసవికి పర్వాలేదు. వచ్చే వేసవి సంగతి నన్నడక్కండి" అన్నాడు. ఆ మాట హెల్వి ఎవరికీ చెప్పలేదు, తైస్తోకి కూడా. చెబితే మర్నాటికల్లా ఊరంతా గిన్నెల్లో జాలి వండి పట్టుకొచ్చేస్తుంది. జాలిపడి తాబేలుని చూపించడానికి తీసుకెళ్తారేమో, ఆవిడకి అలాంటి ప్రయాణం వద్దు. అరవై తొమ్మిదేళ్ళ వయసులో, పేచీ పెట్టి, కొట్లాడి, గెలిచి వెళ్ళాలి.

"ఆగస్టులోనా?" అన్నాడు ఓయివా, కప్పు జాగ్రత్తగా కిందపెట్టి. "నాకు పళ్ళ డాక్టరు దగ్గర పనుందే."

"నీవి పెట్టుడు పళ్ళు కదయ్యా."

"వాటికే."

"రెండు వారాలా?"

"పైవి ఒక వారం, కిందవి ఒక వారం."

"మా పిల్లికి ఆపరేషన్ హెల్వీ," అంది రౌహా. ఏం ఆపరేషనంటే, "ఇంకా తేలలేదు" అంది. కౌకో తన ఇంటి పైకప్పు మార్చాలన్నాడు. పోయిన వేసవిలోనేగా మార్చావంటే, "అందుకే, అది బాగా కుదర్లేదు" అని కిటికీలోంచి బయటికి చూశాడు. బయట మంచు తప్ప చూడ్డానికేం లేదు.

హిల్లా అన్న మాట ఒక్కరి నోటా రాలేదు. అంటే, తనకో మంచి చిత్తడి ఉందని ఒప్పుకున్నట్టే గదా. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం కాదు మావాళ్ళు. భుజాల మీద గుమ్మడికాయ పెట్టుకునే, "గుమ్మడికాయంటే ఏవిటి?" అని అడిగే రకం.

తైస్తో నోట్లో బన్ను తిప్పుకుంటూ, "పాపం, అందరికీ పనులున్నాయి. వచ్చే ఏడు చూద్దాంలే" అన్నాడు. మిగతా మూడు తలకాయలూ ఒక్కసారే ఊగాయి.

అప్పుడే గోడమీది తెరలో, కోస్తారికా నించి మారిసోల్ కనిపించింది. తాబేళ్ళ తీరంలో చిన్న బస నడిపే మనిషి, నలభై ఏళ్ళుంటాయేమో, మాట్లాడుతుంటే చేతులు తెరలోంచి బయటికి వచ్చేలా ఉన్నాయి. రౌహాకి ఇంగ్లీషు వచ్చు కాబట్టి ఆవిడ మాటలు మిగతావాళ్ళకి మార్చి చెప్పింది. ఆగస్టు రెండో సగం, సెప్టెంబరు మొత్తం జర్మన్లు ఎప్పుడో పట్టేసుకున్నారట. ఖాళీ ఉన్నది ఆ రెండు వారాలే. ఐదుగురికి తగ్గితే పడవ నడవదు. మార్చి పదిహేనుకల్లా చెప్పాలి.

"దోమలుంటాయి, జాగ్రత్త అంటోంది," అంది రౌహా.

ఐదుగురూ మర్యాదగా నవ్వారు. మా కైనూ ప్రాంతపు దోమల సంగతి తెలియని పిచ్చిపిల్ల.

"వేడి ముప్పై రెండు డిగ్రీలు, గాలంతా ఆవిరి, తట్టుకుంటారా అంటోంది."

"అక్కడ సౌనా ఉందేమో అడుగు," అన్నాడు ఓయివా. ఎనభై డిగ్రీల ఆవిరిగదిలో కూర్చుని చలేస్తోందనే మనిషి.

మారిసోల్ కాసేపు ఆలోచించి జవాబు చెప్పింది. రౌహా నవ్వాపుకుంటూ, "దేశమంతా అదే, తలుపు ఒక్కటే లేదంటోంది" అంది.

తాబేళ్ళ దగ్గరికి చీకటి పడ్డాకే పంపుతారట. నల్లబట్టలు కట్టుకోవాలి, ఫొటోలు తీయకూడదు, మార్గదర్శి చేతిలో చిన్న ఎర్రదీపం తప్ప వెలుగుండదు. ఈ ముక్క వినేసరికి హెల్వి రెండు కళ్ళూ ఒకసారి మూసి తెరిచింది. ఎర్రదీపం వెలుగులో తన కళ్ళు ఏమాత్రం పనిచేస్తాయో. అయినా ఈ ఏడు ఎంతో కొంత కనిపిస్తుంది. పైయేడు ఆ మాత్రం కూడా ఉండదు.

ఇంటికొచ్చి హెల్వి మంచంమీద పడుకుని ఏడవలేదు. బంగాళాదుంపలు చెక్కుతూ ఆలోచించింది. వీళ్ళ బాధ ఒక్క ఏడు పండ్లు పోతాయని కాదు. ఒక్కొక్కళ్ళ ఫ్రీజరులో పోయినేటివి, ముందటేటివి మూడు బకెట్లున్నాయి. తను లేనప్పుడు ఇంకొకళ్ళు వచ్చి తన చోటు కనిపెట్టేస్తారేమోనన్నదే వీళ్ళ బెంగ. ఊళ్ళో మిగతావాళ్ళతో భయం లేదు, వాళ్ళు రోడ్డు పక్కన నాలుగు ఏరుకుని ఇంటికి పోతారు. దుర్భిణి మెడలో వేసుకుని, పిట్టల వంకతో ఎవరూ తొక్కని చోట్లన్నీ తొక్కేది ఈ ఐదుగురే. ఒకళ్ళంటే ఒకళ్ళకి భయం. మరి ఐదుగురూ ఒకే విమానంలో ఉంటే?

చెక్కుతున్న దుంప చేతిలో ఉండగానే హెల్వి ఫక్కున నవ్వింది. దొంగలందర్నీ ఒకే బండి ఎక్కిస్తే ఊరికి కాపలా అక్కర్లేదు.

మర్నాడు కాలితో తోసుకుంటూ మంచుమీద జారే బండి తీసుకుని బయల్దేరింది. కారు నడపడం మానేసి నెలైంది. రోడ్లు జారుతున్నాయని చెప్పింది. ఈ ఊళ్ళో రోడ్లు జారని శీతాకాలం ఎప్పుడుందో ఎవరూ అడగలేదు. మా ఊరివాళ్ళు నోరు విప్పకపోవడంలో సుఖం ఇదే.

ముందు ఓయివా ఇంటికి వెళ్ళింది. అతను పెరట్లో కట్టెలు పేరుస్తున్నాడు.

"రౌహా వస్తానంది," అంది హెల్వి. అప్పటికి రౌహా మొహమైనా చూడలేదు.

"పిల్లో?"

"నయమైందిట. కౌకో కూడా వస్తున్నాడు. ఆ రెండు వారాలూ అడవి ఎంత ప్రశాంతంగా ఉంటుందో ఓయివా! పిట్టమనిషి ఉండడు."

ఓయివా ఒక కట్టె తీసి, దాన్ని నాలుగు వైపులా తిప్పి చూసి, మళ్ళీ అక్కడే పెట్టాడు. "కౌకో కూడానా?"

"కౌకో కూడా."

"దుర్భిణి కూడా పట్టుకెళ్తాడు కదా?"

"దుర్భిణి లేకుండా ఎక్కడికెళ్తాడయ్యా!"

"పళ్ళ డాక్టరు తేదీ మార్చుకోవచ్చనుకుంటా," అన్నాడు ఓయివా. "అంత నొప్పేం లేదు."

అక్కణ్ణించి రౌహా దగ్గరికెళ్ళి ఓయివా ఒప్పుకున్నాడంది. ఇది నిజమే. కౌకో ఒప్పుకున్నాడంది. ఇది ఇంకో గంటలో నిజమవుతుంది. పిల్లికి అదే గడియలో నయమైపోయింది. కౌకో పడవకి తారు పూస్తూ, చెయ్యి ఆపకుండా విని, "కప్పు ఉరిసేది శరదృతువు వానలకి గదా, ఆగస్టులో ఫర్లేదు" అన్నాడు. పొద్దుగూకే లోపల హెల్వి ఆడిన మూడు అబద్ధాలూ మూడు నిజాలై కూర్చున్నాయి. తప్పు చేశానని ఆవిడకేమీ అనిపించలేదు. ఉత్తరం కాస్త ముందే అందించినట్టనిపించింది, అంతే.

అయితే ముగ్గురూ విడివిడిగా, ఒకే మాట అన్నారు: "తైస్తో వస్తేనే."

అసలు చిక్కంతా అక్కడే. తైస్తో ఊళ్ళో ఒక్కడూ మిగిలాడంటే, కోళ్ళగూటికి నక్కని కాపలా పెట్టినట్టే. ఆ సంగతి తైస్తోకీ తెలుసు. రెండు రోజుల్నుంచి ఈలవేస్తూ తిరుగుతున్నాడు. బకెట్లు కడిగి ఎండబెట్టాడు, ఫిబ్రవరి నెలలో!

శనివారం సౌనాలో, పైమెట్టు మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నప్పుడు హెల్వి కదిపింది.

"నువ్వూ రావాలయ్యా."

"ముప్పై రెండు డిగ్రీలు," అన్నాడు తైస్తో.

"ఇప్పుడిక్కడ ఎంత?"

"ఎనభై ఐదు. కానీ ఇక్కడ తలుపుంది." రాళ్ళ మీద ఒక గరిటెడు నీళ్ళు పోశాడు. ఆవిరి బుస్సుమంది. "నువ్వు వెళ్ళు. తాబేళ్ళని అడిగానని చెప్పు."

"నువ్వు రాకపోతే వాళ్ళెవరూ రారు. పడవ నడవదు."

"అయ్యో," అన్నాడు తైస్తో. ఆ 'అయ్యో'లో బాధ ఆవగింజంత కూడా లేదు.

హెల్వి చివరి అస్త్రం తీసింది. "హౌకి సెలయేటి అవతల, చీలిన బండ దాటాక, కుడి పక్క చిత్తడి."

తైస్తో చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఇరవై ఆరేళ్ళ కిందట ఉత్తరాలిచ్చి వస్తుంటే చూశాను. నీ మోపెడ్‌ని దేవదారు కొమ్మల కింద దాచావు. వెనక చక్రం బయటికి కనిపిస్తోంది. కోస్తారికా నించి ఓయివాకి పోస్టుకార్డు రాస్తాను, దారి బొమ్మ వేసి మరీ. కార్డుని ఎంతమంది చదువుతారో నాకు తెలుసు, ముప్పై ఎనిమిదేళ్ళు నేనూ చదివాను."

తైస్తో గరిటె కింద పెట్టాడు. ఆ తర్వాత, "ఇరవై ఆరేళ్ళలో ఎప్పుడైనా వెళ్ళావా అక్కడికి?" అన్నాడు.

"లేదు."

"మరింక కార్డేం రాస్తావ్," అన్నాడు.

హెల్వికీ తెలుసు ఆ సంగతి. నిజమే, రాయదు. మొగుడి చిత్తడిలో అడుగుపెట్టడమంటే అతని జేబులో చెయ్యి పెట్టడమే, ఆ పని ఆవిడెప్పుడూ చేయలేదు. కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆవిరిలో రెండూ కనిపించవు గనక సరిపోయింది. "వచ్చే ఏడు పనికిరాదయ్యా," అంది. "ఈ ఏడే వెళ్ళాలి నేను." అని లేచి, బయటికెళ్ళి మంచులో నిలబడింది.

మార్చి పదిహేను మధ్యాహ్నం గ్రంథాలయం వెనక గదిలో అందరూ చేరారు. ఎండ మంచుమీద పడి గదంతా తెల్లగా వెలుగుతోంది. మూడు గంటలకి మారిసోల్ మాట్లాడుతుంది. రాలేమని తనే చెప్పాలి కాబోలు, ఎలా చెప్పాలా అని హెల్వి మాటలు కూడబలుక్కుంటోంది.

"సరే, తైస్తో," అన్నాడు ఓయివా, అధ్యక్షుడి గొంతుతో. "నీ మాటేంటి?"

"వస్తాను," అన్నాడు తైస్తో.

హెల్వి మొగుడి వైపు చూసింది. తైస్తో బన్ను వైపు చూస్తున్నాడు. పోస్టుకార్డు పనిచేసిందే అనుకుంది ఆవిడ. ఉబ్బిపోయింది కూడా.

ఓయివా నమ్మలేదు. "అలాగే అంటావు. మీ అన్నకూతురి పెళ్ళికి తుర్కు పట్నం వెళ్తానన్నావు, ఆగస్టులో. రైలు స్టేషన్‌లో కడుపునొప్పన్నావు. మళ్ళీ ఇంటికొచ్చావు. ఆ సాయంత్రం నీ వేళ్ళు పసుప్పచ్చగా ఉన్నాయి, నేను చూశాను."

"క్యారెట్ తరిగాను," అన్నాడు తైస్తో.

"విమానాశ్రయంలో కూడా కడుపునొప్పి వస్తే?" అంది రౌహా. "మేమంతా ఎక్కేశాక?"

"ఒక్కడూ వెనక్కొస్తాడు," అన్నాడు కౌకో. "అడవి మొత్తం ఆయనదే."

తైస్తో బన్ను కిందపెట్టాడు. లేచి, గోడవారన ఉన్న బీరువాలోంచి ఆ ప్రాంతపు పటం తీశాడు. బల్లమీద పరిచి, కాఫీ కప్పులు నాలుగు మూలలా పెట్టాడు. ఓయివా జేబులోంచి పెన్సిలు లాక్కున్నాడు. చీలిన బండ దాటాక, కుడి పక్కన ఒక గుర్తు పెట్టాడు.

"ఇది నాది," అన్నాడు. "ఇరవై తొమ్మిదేళ్ళ నించి. నేను విమానం ఎక్కకపోతే, మీలో ఎవరైనా, ఎప్పుడైనా వెళ్ళి, ఊడ్చి తెచ్చుకోండి."

సౌనాలో నలుగురి ముందూ గుడ్డలు విప్పడం మా ఊళ్ళో ఓ లెక్కలోది కాదు. ఇప్పుడు తైస్తో చేసింది మాత్రం మా తాతలు తరతరాలుగా చూసి ఉండరు. రౌహా చూపు తిప్పుకోబోయింది. మర్యాదకైనా చూడకూడదు అనుకుంది. అయినా చూసింది. చూసి, దొంగకి తేలు కుట్టినట్టు బిగుసుకుపోయింది.

"ఉత్తరం అంచునా?" అంది.

"నడుమన. ఉత్తరం అంచు నాకు అచ్చిరాలేదు. ఎన్నిసార్లు వెళ్ళినా అప్పటికే తినేసి ఉంటుంది ఎలుగుబంటి."

రౌహా చెవులు ఎర్రబడ్డాయి. "ఎప్పుడూ పొద్దున్నే తింటుందా?"

"పొద్దున్నే. నాలుగింటికో ఎప్పుడో. ఎందుకు?"

"కొట్టు తెరవకముందు వెళ్ళొస్తానయ్యా!" అని అరిచేసింది రౌహా. "పద్దెనిమిదేళ్ళ నించి! నడుమనంతా తినేసే ఎలుగు నువ్వన్నమాట! నీ మీద వేటగాళ్ళకి ఫిర్యాదు కూడా చేశాను నేను. ఇద్దరు తుపాకులేసుకుని మూడ్రోజులు కాపలా కాశారు."

"ఆ మూడ్రోజులూ నాకు నడుంనొప్పి," అన్నాడు తైస్తో, కొంచెం పాలిపోయి.

ఇంతసేపూ ఓయివా పటం మీంచి తల ఎత్తలేదు. అడవుల శాఖలో పనిచేసిన మనిషికి పటంలో అంతసేపు చూడాల్సిందేం ఉంటుంది? హెల్వి అతన్ని సూటిగా చూడలేదు, పక్కచూపుతోనే చూసింది. అది ఇంకా బాగా పనిచేస్తోంది.

"ఓయివా, చెరువు పక్కనించి పడవలో వెళ్తే దగ్గరేమో కదా?" అంది.

"ఆదివారాలు," అన్నాడు ఓయివా ఎట్టకేలకి. "అందరూ చర్చిలో ఉన్నప్పుడు."

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, మూడు పిల్లులు ఒకే గిన్నెలో, దగ్గర దగ్గర ఇరవై ఏళ్ళ పాటు! ఒకళ్ళు తూర్పునించి, ఒకళ్ళు ఉత్తరం నించి, ఒకళ్ళు నీటిమీంచి. ముగ్గురూ ఎవరి బకెట్‌కి వాళ్ళు గుడ్డ కప్పుకుని, దారిలో ఎదురుపడితే "ఈ ఏడేం పండలేదు" అని దిగాలుగా తలలూపుకుని, ఎలుగుబంటిని తిట్టుకుంటూ ఇళ్ళకి పోయారు. ఆ ఎలుగుకి నోరుంటే పరువునష్టం దావా వేసేది.

కౌకో నవ్వుతున్నాడు. కుర్చీ చేతులు పట్టుకుని, కళ్ళనీళ్ళు తుడుచుకుని, మళ్ళీ మొదట్నించీ నవ్వుతున్నాడు. ముగ్గురూ అతని వైపు తిరిగారు.

"అంటే నీది అక్కడ కాదన్నమాట," అంది రౌహా నెమ్మదిగా.

కౌకో నవ్వు ఠక్కున ఆగిపోయింది. చిత్తడి బయటపడి చేతులు ఖాళీ అయిన ముగ్గురు మనుషులు, మూడు దుర్భిణులు, ఇంకా తెలియని ఒక చోటు. ఆ లెక్క అతనికి వెంటనే అర్థమైంది. "నేను వస్తాను," అన్నాడు తొందరగా. "కానీ అందరూ రావాలి. ముగ్గురూ రావాలి. ఒక్కళ్ళకి కడుపునొప్పన్నా నేను దిగిపోతా!"

"మరి నీదెక్కడ హెల్వీ?" అన్నాడు ఓయివా, ఇంత జరిగాక అడగొచ్చనుకుని.

"నాదెందుకు చెప్తానయ్యా! నేను విమానం ఎక్కుతానో ఎక్కనో అని మీకెవరికీ అనుమానం లేదుగా."

మూడింటికి మారిసోల్ తెరమీదికొచ్చింది. ఐదుగురం వస్తున్నామని రౌహా చెబితే రెండు చేతులూ పైకెత్తింది. ఓయివా సమావేశం వివరాలు రాశాడు: ప్రయాణం తేదీలు ఖాయం, ఐదుకి ఐదు ఓట్లు, వేరే ఏ విషయమూ చర్చకు రాలేదు. రౌహా పటం మీది గుర్తుని రబ్బరుతో చెరిపింది. చెరిపిన మచ్చ కనిపిస్తోందని ఆ చుట్టుపక్కల నాలుగు ఊళ్ళ మీదా చెరిపింది.

తిరుగుదారిలో కారు తైస్తోనే నడిపాడు. రోడ్డుకి రెండు పక్కలా మంచుగోడలు, వాటి మీద వాలిన ఎండ. హెల్వి గెలిచిన ఉత్సాహంలో ఉంది.

"చూశావా, పోస్టుకార్డనేసరికి ఎలా దిగొచ్చావో!"

"పోస్టుకార్డు కాదు," అన్నాడు తైస్తో.

"మరి?"

వంతెన దాటాక చెప్పాడు. "పోయినేడు నీ బకెట్‌లో ఎర్రవి వచ్చాయి."

హిల్లా పచ్చిగా ఉన్నప్పుడు ఎర్రగా, గట్టిగా ఉంటుంది. పండాకే బంగారు రంగు. పచ్చిదాన్ని కోయడమంటే పసిపిల్లలు చేసే తప్పు. హెల్వి జన్మలో చేయలేదు.

"లేదే," అంది. "జామ్ చేసినప్పుడు ఒక్కటి కూడా ఎర్రది లేదు."

"నేను తీసేశాను. నువ్వు బూట్లు విప్పుకుని వచ్చేలోగా, వసారాలో. మొదట గుప్పెడు ఉండేవి. ఆఖర్న సగం బకెట్." గేరు మార్చాడు. "జనవరిలో బూట్లు కొనుక్కోడానికని కయానీ వెళ్ళావు. ఆరు గంటలు తిరిగి, బూట్లు లేకుండా వచ్చావు. నీ అంతట నువ్వే చెప్తావని చూశాను. సౌనాలో వచ్చే ఏడు పనికిరాదన్నావు. మూడ్రోజులు ఆలోచిస్తే గాని తెలియలేదు నాకు. నేను మందమతిని హెల్వీ."

అంత పెద్ద రహస్యాన్ని డాక్టరు దగ్గర్నించి ఇంత జాగ్రత్తగా మోసుకొస్తే, ఈ మనిషి దాన్ని ఎప్పుడో వసారాలో ఏరి పారేశాడు. హెల్వికి కన్నీళ్ళు వచ్చాయి. ఈసారి దాచుకోవడానికి ఆవిరి లేదు.

"ఎర్రదీపం వెలుగులో నాకు కనిపిస్తుందో లేదో," అంది. ఆ భయం పైకి చెప్పడం అదే మొదటిసారి.

"కనిపించకపోతే నేను చెప్తాను."

"నువ్వా! నీకు చెప్పడం వచ్చునా?"

తైస్తో ఆ మాటని కొంచెం సీరియస్‌గా తీసుకున్నాడు. స్టీరింగు మీదికి ఒంగి, చుట్టూ చూసి, గొంతు సవరించుకున్నాడు. "ఎడం పక్కన, కుందేలు. తెల్లది. కదలకుండా కూచుంది."

"అది మొద్దయ్యా."

కారు నెమ్మదించింది. "మొద్దే," అని ఒప్పుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. అయినా మానలేదు. ఇంకో అర కిలోమీటరు పోయాక, "కుడి పక్కన నక్క. ఇది నిజంగానే నక్క" అన్నాడు.

నక్క హెల్వికీ కనిపిస్తోంది. కంటి చివరన, మంచుగట్టు మీద, తోక పైకెత్తి పరిగెడుతోంది, శుభ్రంగా కనిపిస్తోంది. ఆవిడ తల అటు తిప్పలేదు.

"ఎలా ఉంది?" అంది. "చెప్పు."